రెండు కొండల గీత

గడ్డం ఇక్కడ ఆనించు, మెర్రన్.
నుదురు ఆ పట్టీకి తాకనీ.
లోపల నీలం చుక్క కనిపిస్తుంది, దాన్నే చూడు.
రెప్ప వెయ్యాలనిపిస్తే ఇప్పుడే వేసెయ్.

ఏడేళ్ళుగా ఇవే నాలుగు మాటలు,
కిర్క్‌వాల్ ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో.
బయట ఆర్క్‌నీ గాలి
నిలబడ్డ మనిషిని నిలబడనివ్వదు.
లోపల మాత్రం ఊపిరి బిగబట్టాలి
వెలుతురు వెళ్ళి కంటి అడుగున తగిలి
తిరిగొచ్చేదాకా.

తెర మీద పొరలు పొరలుగా కన్ను.
పైపొరలో నరాల పోగులు,
చూపుని మెదడుకి మోసుకెళ్ళేవి.
బాగున్నప్పుడు ఒక తలవెంట్రుక మందం.
అంతే. సముద్రమూ, మొహాలూ, ధరల చీటీలూ
అన్నీ ఆ వెంట్రుకలోంచే వెళ్ళాలి.

ఆ మందాన్ని యంత్రం గీతగా గీస్తుంది.
మధ్యన లోయ, అటూ ఇటూ కొండ.
అచ్చం స్ట్రామ్‌నెస్ రేవులోంచి హోయ్ దీవిలా.
నేను ఆ రేవువాణ్ణి,
నాకు ఇంకోలా తోచదు.

మెర్రన్ ఫ్లెట్ గడ్డి కుర్చీలు కుడుతుంది.
ఓట్స్ గడ్డిని పిడికెడు పిడికెడుగా పట్టి
వరస మీద వరస బిగించి
గాలి చొరని వీపు కడుతుంది.
చెట్లు మొలవని చోట
కలప కరువైన ముత్తాతల పని.

ఒక చలికాలం పొద్దున
ఎడమ కన్ను తిప్పితే నొప్పి.
మూడో రోజుకి చేతిలోని ఎర్ర దారం
ఇటుక కడిగిన నీళ్ళలా అయింది.
చూపు తిరిగొచ్చింది, చాలావరకు.
ఎరుపు రాలేదు.

అబర్దీన్‌లో మెదడుకి ఫొటోలు తీశారు.
తెల్ల మచ్చలు తొమ్మిది,
నరం తొడుగు ఊడిన చోట్లు.
మందులు మొదలయ్యాయి.
ఆ తర్వాత ప్రతి రిపోర్టులోనూ
కొత్త మచ్చలు లేవు.

కొత్త మచ్చలు లేవు!
ఒక ఏడు కేకు కూడా కోశాం ఇదే గదిలో,
యంత్రం మీద పొడి పడకుండా దుప్పటి కప్పి.
కానీ కుడి కన్ను,
ఎన్నడూ నొప్పి ఎరగని కన్ను,
తొంభై ఐదు. తొంభై మూడు. ఎనభై తొమ్మిది.
మంట లేదు, పొగ లేదు,
ఉప్పుగాలి తలుపు మడతబందుని తింటున్నట్టు.

ఈసారి అబర్దీన్ కాగితం అడుగున
మచ్చల ఊసు లేని వాక్యం ఒకటి:
మెదడు పరిమాణం నిరుటికన్నా కొంచెం తక్కువ.
కొంచెమంటే ఎంతో గట్టిగా చెప్పరు.
ఆ పూట నీళ్ళు తక్కువ తాగినా తగ్గొచ్చట.
మెర్రన్ నవ్వింది:
'అయితే ఇంటికెళ్ళి రెండు గ్లాసులు తాగుతాను.'
నేను నవ్వలేదు.
నా గీత నీళ్ళ మీద నెపం వెయ్యదు.

ఇవాళ కుడి కన్ను ఎనభై మూడు,
పచ్చ గడిలోంచి పసుపు గడిలోకి.
ఎడమది ఎప్పటిలా డెబ్బై ఒకటి, ఎర్ర గడిలో.
ఆమె కుడి కన్ను అరచేత్తో మూసి
ఎడమ కంటితో
ఎడమ కంటి అంకెని చూసింది.
'ఇది ఎరుపేం కాదే, ఎర్లెండ్?'

జవాబు ఏ పుస్తకంలో ఉంటుంది?
ప్రింటు తీసిచ్చాను.
గీత మీద బొటనవేలు నడిపింది
గడ్డి వరస పరీక్షించినట్టు.
'వరస పలచబడితే
కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది' అంది.
కొత్త కుర్చీకి వీపు పైఅంచు
ఈ రెండు కొండల్లా కోస్తుందట.

మొదటి ఏడు గీత ఇవ్వనా అన్నాను,
కొండలు ఎత్తుగా ఉన్నప్పటిది.
'వద్దు. కూర్చునేది ఇప్పటి మనిషి.'

కాగితం మడిచి కోటు లోపలి జేబులో దోపుకుంది,
గాలికి పోకుండా.
నేను గడ్డం పట్టీ తుడిచి కొత్త కాగితం పరిచాను.
తర్వాతి పేరు పిలుద్దామని తలుపు తీస్తే
వరండాలో ఆమె అడుగులు,
ఒకటి టక్కున, ఒకటి కాస్త ఈడుస్తూ.

అది కొలవడం నా పని కాదు.
ఐనా తలుపు పట్టుకుని నిలబడ్డాను,
వినపడినంతసేపు.